కారం తెలియని కోడిపెట్ట

ఎర్రగుట్ట కింద, వంక ఒడ్డున, పింగళమ్మ అనే కోడిపెట్ట ఒక పెరడు వేసుకుని బతికేది. పెరడంటే మరీ పెద్దదేం కాదు. మధ్యలో ఎండుగడ్డి కప్పిన గూడు, గూటి చుట్టూ గుండ్రంగా పన్నెండు మిరప మొక్కలు, అంతే. ఆ పన్నెండు మొక్కలే ఆమెకు గోడా, తలుపూ, కాపలా.

అవి మామూలు మిరప మొక్కలు కావు. కాయ చిటికెన వేలిలో సగం ఉంటుంది. కిందికి వేలాడదు, కొమ్మ మీద నిటారుగా నిలబడి ఆకాశం వైపు చూస్తుంది. పండితే నెత్తుటి రంగు. ఆ చుట్టుపక్కల జంతువులన్నీ దాన్ని సూదిమిరప అనేవి. పొరపాటున ఒక్క కాయ మూతి మీద చిదిగిందంటే ఎంతటి జంతువైనా మూడు రోజులు వంక నీళ్ళలో మూతి పెట్టుకుని కూర్చోవాల్సిందే. పింగళమ్మ ఆ కాయల్ని ఎండబెట్టి, ముక్కుతో పొడిచి పొడి చేసి, మొక్కల మధ్య ఖాళీల్లో గీతలాగా చల్లుకునేది. ఆ గీత దాటడం ఏ నక్క వల్లా కాలేదు.

అయితే ఇందులో ఒక తిరకాసు ఉంది. పక్షి నోటికి కారం తెలియదు. పింగళమ్మ సూదిమిరపను జొన్నగింజ మింగినట్టు మింగేది. ఆమెకు అదీ ఒకటే, దోసగింజా ఒకటే. తన ప్రాణాన్ని, తన పిల్లల ప్రాణాన్ని కాపాడే మంట ఎలా ఉంటుందో ఆమెకు బతుకంతా తెలియలేదు. తెలుసుకునే వీలూ లేదు.

మొక్కలు తెచ్చింది మైలన్న. మైలన్న ముసలి ఎద్దు. కంచె లేని రోజుల్లో పింగళమ్మ మూడుసార్లు పొదిగి, మూడుసార్లూ పిల్లల్ని నక్కకు పోగొట్టుకుంది. మూడోసారి ఆమె ఖాళీ గూటి ముందు కూర్చుని రెండు రోజులు నీళ్ళు కూడా ముట్టలేదు. అది చూసిన మైలన్న గుట్ట మీదికి పోయాడు. పైన మేస్తుండగా ఎప్పుడో తన మూతి కాల్చిన మొక్క ఒకటి ఆయనకు గుర్తుంది, అదెక్కడుందో ఆయనకు తప్ప ఇంకెవరికీ తెలియదు. దాని కొమ్మను కొమ్ముకు చిక్కించుకుని, కాయలు రాలకుండా నెమ్మదిగా దిగి వచ్చాడు. ఆ కాయల గింజల నుంచి వచ్చిందే ఈ కంచె. ఆ తర్వాత పుట్టిన ప్రతి పిల్లా పెరిగి పెద్దదయింది.

కంచెకు ఒక తెగులుంది. వంక అవతల కుందేళ్ళు బజ్జీ మిరప వేసుకుంటాయి, లావుగా, నీళ్ళగా, చప్పగా ఉండే రకం. తేనెటీగలు అక్కడి పువ్వు మీద వాలి, ఇక్కడి పువ్వు మీద వాలతాయి. అలా కలిసిపోయిన గింజ వేస్తే, మరుసటి ఏడు చూడ్డానికి సూదిమిరపే ఉంటుంది, కొరికితే మాత్రం మంట ఉండదు. అందుకని ప్రతి కార్తీకంలో తొలికాయ పండగానే ఒక్కో మొక్క నుంచి ఒక్కో కాయ కొరికి చూడాలి. మండిన మొక్క గింజే దాచాలి. మండని మొక్కను వేళ్ళతో సహా పీకి వంకలో పారేయాలి. ఆ పనికి వాళ్ళు పెట్టుకున్న పేరు తొలికొరుకుడు. కొరికేది మైలన్న, ఎందుకంటే నాలుక ఉన్నది ఆయనకే.

ఆ రోజు చూడాలి ముచ్చట. కంచె బయట బల్లబండ మీద పింగళమ్మ పన్నెండు కాయలు వరసగా పెట్టేది. మైలన్న స్నానం చేసి వచ్చినంత గంభీరంగా నిలబడేవాడు.

"ఏమన్నా, మొదలుపెడదామా?"

"నీళ్ళు పెట్టినావా తల్లీ?"

"తొట్టి నిండా పెట్టినా."

మైలన్న మొదటి కాయ కొరికేవాడు. ఆ పెద్ద కళ్ళ నుంచి నీళ్ళు బొటబొటా కారేవి. ముక్కు నుంచి కూడా కారేవి, అదీ చెప్పాలి కదా.

"ఎట్లుండాది అన్నా?"

"నా పెండ్లినాడు కూడా ఇంత ఏడవలేదు. దాచు తల్లీ గింజ, దాచు."

పింగళమ్మ నవ్వలేక, ఏడవలేక, గింజలు బూడిదలో కలిపి నీడన ఆరబోసేది. అలా పన్నెండూ అయ్యేసరికి మైలన్న కళ్ళు వాచిపోయి ఆ సాయంత్రం దారి కనిపించేది కాదు. పింగళమ్మ ముందు నడుస్తూ కొక్కొక్కొమంటూ ఆయన్ను కొట్టం దాకా దిగబెట్టి వచ్చేది. పోయిన ఏడు పన్నెండింటిలో రెండే చప్పబడ్డాయి.

ఆ ఏడు వానాకాలం మధ్యలో మైలన్న పడుకున్న చోటు నుంచి లేవలేదు. పింగళమ్మ వెళ్ళి ఆయన చెవి పక్కన కూర్చుంది.

"అన్నా, గడ్డి తెచ్చిపెట్టేదా?"

"వద్దు. నా పళ్ళు ఎప్పుడో పోయినాయి, నీకు చెప్పలేదు. తొలికొరుకుడుకు మాత్రం చిగుళ్ళతో నెట్టుకొచ్చినా."

"ఈసారి ఎవరు కొరకాల అన్నా?"

మైలన్న చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "రెక్కలుండే వాళ్ళను అడగొద్దు. నాలుకుండే వాళ్ళను అడుగు" అన్నాడు. అంతకంటే ఇంకేదో చెప్పాలని ఉంది ఆయనకు, పెదాలు కదిలాయి కూడా. కానీ మాట రాలేదు. మరుసటి రోజు పొద్దున పింగళమ్మ వెళ్ళేసరికి చెవి మీద ఈగ వాలినా చెవి కదల్లేదు.

పింగళమ్మ పది రోజులు మేత మానేసింది. ఎవరైనా పలకరిస్తే, "ఆయనకు పళ్ళు లేవంట, నాకు చెప్పనే లేదు" అనేది. అదొక్కటే అనేది.

కార్తీకం వచ్చింది. కాయలు పండాయి. పన్నెండు మొక్కల మీదా ఎర్రటి కాయలు నిలబడి ఉన్నాయి. కొరికేవాళ్ళు లేరు. మైలన్న ఉన్నప్పుడు దంచిన కారం ఇంకా రెండు పిడతల నిండా ఉంది కాబట్టి ఈ చలికాలానికి భయం లేదు. భయమల్లా వచ్చే ఏటికి. వచ్చే ఏడు ఆమె మళ్ళీ పొదగాలనుకుంటోంది.

ముందు సుంకమ్మ దగ్గరికి వెళ్ళింది. సుంకమ్మ అంటే రేగుచెట్టు మీది ఉడుత. నాలుక ఉన్న మనిషే, కాకపోతే ఒక చోట నిలవదు.

"సుంకమ్మా, నాకోసం పన్నెండు కాయలు కొరకాల."

"అమ్మో, నా వల్ల కాదక్కా! ఎప్పుడో పెండ్లికాక ముందు ఒకటి నోట్లో పెట్టుకున్నా. మూడు రోజులు తోక ఎక్కడుందో తెలీలేదు."

"నా పిల్లల కోసం సుంకమ్మా."

"నాకూ పిల్లలుండారు గదక్కా" అంటూ సుంకమ్మ ఇంకో కొమ్మకు దూకింది. అక్కడి నుంచి ఇంకో కొమ్మకు. మాట తప్పించుకోవాలంటే చెట్టుకు కొమ్మలు చాలా ఉంటాయి.

చిలుకమ్మ తనంతట తానే వచ్చి రెండు కాయలు తిని, "ఎంత కమ్మగుండాయి!" అంది. పింగళమ్మ దానికి దణ్ణం పెట్టి పంపేసింది.

అప్పుడొచ్చాడు సిద్దప్ప.

సిద్దప్ప నక్క. పింగళమ్మ మొదట్లో మూడుసార్లు పొదిగిన పిల్లల్నీ తిన్నది అతనే. అందరికీ తెలుసు, అతనూ దాచలేదు. అలాంటివాడు పట్టపగలు వచ్చి, కారం గీతకు నాలుగడుగుల అవతల చతికిలబడ్డాడు.

"మైలన్న పోయినాడంట గదా" అన్నాడు. "నన్ను ఒకసారి కొమ్ముతో ఎత్తేసినాడు. అయినా మంచోడు."

"నీ పరామర్శ నాకొద్దు. పో."

"పోతా. ఒక మాట చెప్పి పోతా. నీకు కాయ కొరికే నాలుక కావాల. ఈ గుట్ట కింద నీ మిరప మంట బాగా తెలిసిన నాలుక ఏదో చెప్పు చూద్దాం."

పింగళమ్మ రెక్కలు దగ్గరికి ముడుచుకుంది.

"నాది. ఐదేండ్లుగా ఈ గీత దగ్గర మూతి కాల్చుకుంటాండా."

"నిన్ను నమ్మి నా కంచె నీ చేతికి ఇచ్చేంత పిచ్చిదాన్నా?"

"నన్ను నమ్మొద్దు తల్లీ" అన్నాడు సిద్దప్ప. "నా మాట అసలు వినొద్దు. నేనేం చేస్తానని నీ భయం? మండిన కాయను చప్పగుందంటాననేగా? సరే. నేను నోరు మెదపను. కాయ కొరుకుతా, నువ్వు నా కండ్లు చూడు. నోటితో అబద్ధం చెప్పొచ్చు. సూదిమిరప కొరికి కండ్లలో నీళ్ళు రాకుండా ఆపే మొనగాడు యాడన్నా ఉన్నాడా? నీళ్ళు కారితే గింజ దాచుకో. కారకపోతే పీకి పారెయ్."

ఈ మాట పింగళమ్మకు నచ్చింది. అదే ఆమె చేసిన తప్పు, కానీ ఆమెను తిట్టకండి. మైలన్న కళ్ళ నుంచి నీళ్ళు కారడం తప్ప కారమంటే ఆమెకు ఇంకేం తెలుసు? ఆ మంట ఆపుకోవడం ఎంత కష్టమో, ఎంత సాధన చేస్తే ఆపుకోవచ్చో మంట తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. ఆమెకు కన్నీళ్ళే కారం. పైగా మైలన్న చెప్పినట్టే చేస్తున్నాననుకుంది. నాలుక ఉన్నవాణ్ణే కదా అడుగుతోంది!

"నీకేం లాభం?" అని మాత్రం అడిగింది.

"ముసలోణ్ణయితాండా. పాత పాపాలు గుర్తొస్తాండాయి" అన్నాడు సిద్దప్ప తల దించుకుని.

మరుసటి రోజు పొద్దున బల్లబండ మీద పన్నెండు కాయలు వరసగా పెట్టి పింగళమ్మ కంచె లోపల నిలబడింది. సిద్దప్ప వచ్చాడు. మొదటి కాయ కొరికాడు. నమిలాడు. మింగాడు. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"ఏం?" అంది పింగళమ్మ.

సిద్దప్ప తల అడ్డంగా ఊపాడు. రెండోది కొరికాడు. కళ్ళు పొడిగానే ఉన్నాయి. మూడోది కూడా అంతే. నాలుగో కాయ నోట్లో పెట్టుకోగానే అతని కళ్ళు నిండాయి. రెండు చెంపల మీదుగా ధారగా కారాయి. వెనక్కి తిరిగి, కాళ్ళ మధ్య మూతి దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. పింగళమ్మకు ఎంత సంతోషమనిపించిందో! "ఇదొకటి ఉండాది! ఇదొకటి దక్కింది!" అని అరిచింది.

పన్నెండూ అయ్యాయి. ఏడిపించినవి మూడే. తొమ్మిది చప్పబడ్డాయి.

"ఎప్పుడూ రెండో మూడో పోయేవి" అంది పింగళమ్మ. "ఈసారి తొమ్మిదా?"

సిద్దప్ప అప్పుడు నోరు తెరిచాడు. గొంతు బొంగురుపోయి ఉంది. "పెంచినోడు పోయినాడు గదమ్మా. చెట్టుకు మాత్రం దిగులుండదా?"

ఆ ఒక్క మాటతో పింగళమ్మ కరిగిపోయింది. మైలన్న లేడని తనొక్కతే ఏడుస్తున్నాననుకుంది ఇన్నాళ్ళూ. తొమ్మిది మొక్కలు కూడా ఏడ్చి చప్పబడ్డాయని నమ్మింది. ఒక్కో మొక్కనూ కాళ్ళతో గీరి, ముక్కుతో లాగి, వేళ్ళతో సహా పీకింది. పీకుతూ ఒక్కోదానికీ క్షమాపణ చెప్పుకుంది. అన్నిటినీ వంకలోకి ఈడ్చేసింది. మిగిలిన మూడు మొక్కల గింజల్ని బూడిదలో కలిపి దాచుకుంది.

జరిగింది ఏమిటో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. మండినవి ఆ తొమ్మిదీ. మండనివి ఆ మూడూ. మైలన్న మంచాన పడ్డాడని తెలిసిన రోజు నుంచీ సిద్దప్ప వంక పక్కన పచ్చిగానే రాలిపడిన సూదిమిరపకాయలు ఏరుకుని రోజుకొకటి కొరుకుతూ వచ్చాడు. మొదట నేల మీద పొర్లాడాడు. తర్వాత కూర్చోగలిగాడు. చివరికి కళ్ళు తడవకుండా నమిలి మింగడం నేర్చుకున్నాడు. లోపల పేగులు మాత్రం ఆ తొలికొరుకుడు తర్వాత నెల రోజులు కాలుతూనే ఉన్నాయట.

వెంటనే అతనికేమీ దక్కలేదు. మైలన్న నాటి కారం పిడతల్లో ఇంకా ఉంది. గూట్లో పిల్లలూ లేరు. సిద్దప్ప ఎదురుచూశాడు.

తొలకరికి పింగళమ్మ నారు పోసింది. నెల తిరిగేసరికి మొలకల్ని తీసి గుండ్రంగా నాటింది. ఈసారి పన్నెండు కాదు, ఇరవై. మొక్కలు ఎన్నడూ లేనంత ఏపుగా పెరిగాయి. ఆకు వెడల్పు, కాయ కాస్త లావు. వానలకు నేల మీది పాత కారం కొట్టుకుపోయింది. పిడతలు కూడా అడుగంటాయి. అయినా ఆమెకు దిగులు లేదు. మండిందని కళ్ళారా చూసి దాచిన గింజ కదా! ఆ ధైర్యంతోనే గుడ్ల మీద కూర్చుంది. ఇరవై ఒక్క రోజులు కదలకుండా పొదిగింది. ఎనిమిది పిల్లలు వచ్చాయి. ఒకదానికి మైలన్న రంగు వచ్చిందని పొంగిపోయి దాన్ని అందరికంటే ఎక్కువ దగ్గరికి తీసుకునేది.

కాయలు పండటం మొదలైన వారంలో ఒకరోజు సుంకమ్మ కంచె మీది నుంచి ఒక కాయ తెంపుకుని అక్కడే కూర్చుని కొరుక్కు తింటోంది. పింగళమ్మ చూసింది.

"ఏమే, నీకు మంట పుట్టదా?"

"లేదక్కా. తియ్యగుండాయి. బజ్జీమిరప మాదిరి."

"పో, దొంగముఖమా! కొరకమని కాళ్ళు పట్టుకుంటే రాలేదు. ఇప్పుడు దొంగతనానికొచ్చి వేళాకోళమా?"

"వేళాకోళం గాదక్కా, నిజంగానే..."

"మైలన్న చెట్టు అది! సిద్దప్ప అంతటోడు కొరికి వలవలా ఏడ్చినాడు. నీ కంట్లో చుక్క నీళ్ళు లేవు. నీకు తెలిసిందేందే కారమంటే?"

ఆ మాటకు సుంకమ్మ నొచ్చుకుంది. తను రానందుకు సిగ్గు కూడా లోపల ఉంది కాబట్టి తిరిగి మాట్లాడలేకపోయింది. కాయ అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. ఇంకొక్కసారి చెప్పి ఉంటే బాగుండేది. ఇంకొక్కసారి అడిగి ఉన్నా బాగుండేది. ఇద్దరూ ఆ పని చేయలేదు.

మూడు రోజుల తర్వాత, మిట్టమధ్యాహ్నం, సిద్దప్ప వచ్చాడు. వెనకాల ఆడనక్క ఉంది, పక్కటెముకలు లెక్కపెట్టగలిగేలా ఉన్న రెండు పిల్లలు ఉన్నాయి.

కోడిపిల్లలు అతన్ని చూసి చెదిరిపోబోయాయి. గూటి వెనక రాళ్ళ సందు ఉంది, రేగుకంప ఉంది. దూరాలనుకుంటే ఎనిమిదీ దూరి ఉండేవి. పింగళమ్మే ఆపింది.

"యాడికీ పోవద్దండి" అంది. "భయపడొద్దు. మనకు కంచె ఉండాది. వాడు లోపలికి రాలేడు. ఇట్ల రండి, చూడండి, ఎట్ల గంతులేస్తాడో."

పిల్లలు తల్లి మాట విన్నాయి. ఎనిమిదీ వచ్చి ఆమె చుట్టూ నిలబడ్డాయి, తమాషా చూడటానికి.

సిద్దప్ప మూతి ముందుకు పెట్టి మొక్కల మధ్య నుంచి నడిచాడు. పండు కాయలు అతని మూతి మీద, కనురెప్పల మీద చిదిగిపోయాయి. ఎర్రటి గుజ్జు ముక్కు మీద అంటింది. అతను నాలుక చాచి దాన్ని నాకేసి ఇంకో అడుగు వేశాడు.

"ఆగు! కండ్లు పోతాయిరా నీకు!" అని అరిచింది పింగళమ్మ.

అతను ఆగలేదు. ఆమె అప్పుడు కూడా కదల్లేదు. ఇప్పుడు మండుతుంది, ఇప్పుడు మండుతుంది అనుకుంటూ నిలబడింది. ఆ అరక్షణమే ఖరీదైనది. తర్వాత ఆమె ఎగిరి అతని ముఖం మీద పడింది, పొడిచింది, రక్కింది, ఒక రెక్క విరగ్గొట్టుకుంది. అయినా ఎనిమిది మందిలో ఆరుగురు ఆ మధ్యాహ్నమే పోయారు. ఇద్దరు మాత్రం ఆమె విరిగిన రెక్క కింద దొరికారు. మైలన్న రంగుది ఆ ఇద్దరిలో లేదు.

మరుసటి రోజు పింగళమ్మ రెక్క ఈడ్చుకుంటూ వంక దాకా వెళ్ళింది. అవతలి ఒడ్డున సిద్దప్ప నీళ్ళు తాగుతున్నాడు. ఆమెకు భయం వేయలేదు. భయం వేయడానికి లోపల ఏదో మిగలాలి కదా.

"ఒకటే అడుగుతా" అంది. "మంటను ఆపుకున్నావు, సరే. మండని కాయ కొరికి అంత ఏడుపు ఎట్ల తెచ్చుకున్నావు?"

సిద్దప్ప మూతి ఎత్తాడు.

"అది తెచ్చుకున్న ఏడుపు గాదు పింగళమ్మా" అన్నాడు. "మైలన్న పోకముందు ఎండాకాలం, వంక ఎండింది గదా. నా పిల్లలు ముగ్గురు ఆకలికి పోయినారు. నీ కంచెకు పది బారల దూరంలో. లోపల నీ పిల్లలు అరుస్తాంటే నా పిల్లలు వింటానే పోయినారు. చప్ప కాయ నోట్లో పడినప్పుడల్లా ఒక్కొక్కరిని తలుచుకున్నా. మూడు కాయలు, ముగ్గురు పిల్లలు. మంటకు ఏడవకుండా ఉండేది నేర్చుకున్నా గానీ, దానికి నేర్చుకోలేదు."

పింగళమ్మ శాపనార్థాలు పెట్టాలని వచ్చింది. ఆమె నోట్లో ఆరుగురి పేర్లు ఉన్నాయి, అతని నోట్లో ముగ్గురివి. రెక్క ఈడ్చుకుంటూ వెనక్కి తిరిగింది.

సాయంత్రం ఎండ పచ్చబడే వేళకు సుంకమ్మ వచ్చింది. ఈసారి కొమ్మ మీద ఆగకుండా నేల మీదికి దిగి, కంచె దాటి, పింగళమ్మ ఎదురుగా కూర్చుంది.

"అక్కా, ఇరవై చెట్లుండాయి. ఒక్కటన్నా మంచిది ఉండదా? నేను కొరుకుతా. అన్నీ కొరుకుతా. ఒక్కటి దొరికినా మళ్ళా పెంచుకోవచ్చు."

పింగళమ్మ లేచి, విరిగిన రెక్కతోనే, ఒక్కో మొక్క నుంచి ఒక్కో కాయ తెంపి బల్లబండ మీద పెట్టింది. సుంకమ్మ కొరకడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. ఐదు. పది. ప్రతి కాయకూ ముందు కళ్ళు గట్టిగా మూసుకునేది, మండాలని దేవుడికి మొక్కుతూ. మండితే చాలు, తోక ఊడిపోయినా సరే అనుకుంది. పదిహేను. పందొమ్మిది.

ఇరవయ్యో కాయ కొరికి సుంకమ్మ ఆగిపోయింది. పింగళమ్మ ముఖం చూసింది. విరిగిన రెక్క కింది నుంచి తొంగి చూస్తున్న రెండు పిల్లల్ని చూసింది. అంతే, నోరు తెరిచి నాలుక బయటపెట్టి, "అబ్బా! మండుతాందక్కా! ఇది మండుతాంది!" అని ఎగిరింది. కళ్ళ నుంచి నీళ్ళు కూడా వచ్చాయి. నిజమైన నీళ్ళే.

పింగళమ్మ ఆ కళ్ళ వైపు చాలాసేపు చూసింది.

"వద్దు సుంకమ్మా" అంది మెల్లగా. "నా మీద జాలితో చెప్పొద్దు. ఇంగో ఇద్దరుండారు నాకు. మండకపోతే మండలేదనే చెప్పు."

సుంకమ్మ ఎగరడం మానేసింది. కళ్ళు తుడుచుకుంది.

"తియ్యగుండాదక్కా" అంది.

పింగళమ్మ తల ఊపింది. పిల్లలిద్దరినీ సుంకమ్మ పక్కన వదిలి, మొదటి మొక్క దగ్గరికి వెళ్ళి, కాళ్ళతో మొదలు గీరడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఎర్రగుట్ట కింద సూదిమిరప కనిపించలేదు.

ఎదుటివాడి కన్నీళ్ళు నిజమైనవే కావచ్చు, అవి మనం అనుకున్న కారణానికే కారుతున్నాయని మాత్రం అనుకోకూడదు.